కేకు కోసమే

లంక పడమటి తీరాన ఉన్న కడోల్వెల పట్టణంలో స్త్రీలందరూ సురక్షితంగా ఉన్నారు. ఈ సంగతి అక్కడి మద్యం దుకాణం గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంది: ‘స్త్రీలకు మద్యం విక్రయించబడదు.’ దాని కిందే, అదే రంగుతో, అదే చేతిరాతలో, ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని కూడా ఉంది. రెండో ఆజ్ఞని పాటించినవాడు ఇంతవరకూ కనిపించలేదు. మొదటిదాన్ని మీరినవాడూ కనిపించలేదు. తమకు వర్తించని చట్టాన్ని ఆ పట్టణపు మగవాళ్ళు ఎంత నిష్ఠగా కాపాడతారో చెప్పడానికి ఆ గోడ ఒక్కటి చాలు.

చట్టం చేసిన పెద్దల ఉద్దేశం గొప్పది. తాగుడు వల్ల సంసారాలు కూలిపోతున్నాయని వాళ్ళు గమనించారు. గమనించి, తాగి కూల్చేవాళ్ళకి అమ్మకం ఆపడం కష్టం కనక, తాగని వాళ్ళకి ఆపారు. ఆనాటి నుంచి ఈనాటి వరకూ చట్టం అమల్లో ఎక్కడా లోపం రాలేదు.

ఇర్మా తిసేరా ఈ రక్షణలో అరవై ఆరేళ్ళుగా సుఖంగా జీవిస్తూ, ఆ సుఖం సంగతి తనకే తెలియకుండా ఉండిపోయిన మనిషి. ప్రభుత్వాసుపత్రిలో మంత్రసానిగా చేసి రిటైరైంది. అక్కడ నర్సుల్నీ మంత్రసానుల్నీ మిస్సీ అని పిలుస్తారు. ఊళ్ళో నడివయసు దాటని వాళ్ళలో సగం మందిని ఈ లోకంలో అందరికన్నా ముందు చూసిందీ, వీపు మీద మొదటి దెబ్బ వేసి ఏడిపించిందీ ఆవిడే. అందుచేత ఎంత పెద్ద ఉద్యోగస్తుడైనా ఆవిడ ఎదురుపడితే చొక్కా గుండీలు సరిచూసుకుంటాడు.

ఆవిడ క్రిస్మస్ కేకుకి ఊళ్ళో పేరుంది. రవ్వ, జీడిపప్పు, బూడిదగుమ్మడి మురబ్బా, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, తేనె, గులాబీనీళ్ళు. వీటన్నిటినీ ముందుగా బ్రాందీలో నానబెట్టాలి. కేకంటే బ్రాందీ, మిగతావన్నీ దానికి తోడొచ్చినవి అనుకోవాలి. ఆ బ్రాందీ తెచ్చే పని ఆవిడ భర్త హయసింత్‌ది. చేపల వేలంలో పాట పాడే మనిషి. ఏప్రిల్‌లో, పడవల దగ్గర మాట్లాడుతూ మాట్లాడుతూ కూలబడి ప్రాణం విడిచాడు. పిల్లలు లేరు. నవంబరు రాగానే కేకుల కోసం ఇళ్ళవాళ్ళు కబురు పెట్టడం మొదలెట్టారు. ఇర్మా సంచీ పట్టుకుని దుకాణానికి బయల్దేరింది. జీవితంలో ఎన్నడూ తొక్కని గడప అని దారిలో గాని ఆవిడకి గుర్తు రాలేదు.

కౌంటరులో సుజిత్ ఉన్నాడు. తల్లి కడుపులోంచి కాళ్ళు ముందుగా వచ్చినవాడు. వాణ్ణి బతికించడానికి ఇర్మా ఆ రోజు తెల్లవార్లూ నడుం వాల్చలేదు.

“ఒక బ్రాందీ సీసా ఇవ్వు నాయనా.”

సుజిత్ ఆవిడ వెనక్కి చూశాడు. ఎవరూ లేరు.

“ఎవరికి మిస్సీ?”

“నాకే.”

“మీకు ఇవ్వకూడదు మిస్సీ. ఆడవాళ్ళు కదా.”

“ఆడదాన్నని నువ్వు చెబితే గాని తెలీలేదురా నాకు.”

“నా మీద కోప్పడకండి. చట్టం. ఎవరన్నా మగమనిషిని పంపండి. ఎవరైనా పర్లేదు.”

ఎవరైనా పర్లేదు అన్న మాటకి రుజువుగా అప్పుడే ఒక మనిషి గోడ పట్టుకుని, మెట్లు వెతుక్కుంటూ లోపలికొచ్చాడు. నోట మాట రాక వేళ్ళతో సైగ చేశాడు. సుజిత్ అర్థం చేసుకుని కొబ్బరి సారా సీసా కాగితంలో చుట్టి ఇచ్చాడు. చట్టప్రకారం అంతా సవ్యంగానే జరిగింది. ఇర్మా ఖాళీ సంచీతో ఇంటికెళ్ళింది.

సంగతి ఊరంతా పాకింది. మిస్సీకి అన్యాయం జరిగిందని ఆడవాళ్ళు, ముఖ్యంగా కేకులు చెప్పుకున్నవాళ్ళు, చాలా నొచ్చుకున్నారు. విషయం మాతృమూర్తుల గౌరవ పరిరక్షణ సంఘం దాకా వెళ్ళింది. ఈ సంఘంలో సభ్యులంతా మగవాళ్ళే. స్త్రీలను అనవసరంగా శ్రమ పెట్టకూడదని అలా ఏర్పాటు చేశారు. అధ్యక్షుడు ఐసు ఫ్యాక్టరీ యజమాని విల్బర్ట్ దబరేరా. పిల్ల పెళ్ళయినా, పడవ ప్రారంభమైనా, శవం లేచినా ఆయన ఉపన్యాసం లేకుండా ఆ ఊళ్ళో ఏదీ జరగదు.

చర్చి వెనక హాల్లో సమావేశం పెట్టారు. ఇర్మాకి వెనక వరసలో గౌరవాసనం వేశారు. దబరేరా లేచి గొంతు సవరించుకున్నాడు.

“సోదరులారా, స్త్రీ అంటే దీపం. ఇంటికి వెలుగు. దీపంలో ఏం పొయ్యాలి? నూనె పొయ్యాలి. సారా పొయ్యవచ్చునా?”

“ఇంకా బాగా వెలుగుతుంది మహత్తయా,” అని వెనకనుంచి ఎవరో మర్యాదగా అన్నారు.

దబరేరా అది వినలేదు. “ఈ చట్టం స్త్రీలకి సంకెల కాదు. కిరీటం. ఈ కిరీటం మనకి లేదు. మనం ప్రతి సాయంత్రం ఆ దుకాణానికి వెళ్ళి మన బలహీనతని మనమే మొయ్యాలి. ఆ బరువు మన అక్కచెల్లెళ్ళ మీద పడనివ్వం. అయితే మిస్సీ విషయం వేరు. ఆవిడ అడిగింది కేకు కోసం. కేకు ఎవరి కోసం? క్రీస్తు పుట్టినరోజు కోసం. ఉత్తమమైన పని కోసం ఉత్తమురాలు అడిగితే మనం దారి చూపించాలి.”

చప్పట్లు మోగాయి. గంటసేపు ఆలోచించి సంఘం దారి చూపించింది. మంచి పని నిమిత్తం మద్యం అవసరమైన స్త్రీకి యోగ్యుడైన పురుషుణ్ణి ఒకణ్ణి సంరక్షకుడిగా నియమిస్తారు. కొనడం, మొయ్యడం, ఇంటికి చేర్చడం ఆయన బాధ్యత. సంరక్షకుడు ఇరుగుపొరుగు వాడైతే స్త్రీ ఎక్కువ దూరం నడవనక్కర్లేదు. ఇర్మా ఇంటి పక్కిల్లు ఆన్సెల్ముది. ఈ విధంగా, వారంలో నాలుగు సాయంత్రాలు మురిక్కాలవ గట్టున పడుకునే ఆన్సెల్ము, ఇర్మా తిసేరాను మద్యపాన ప్రమాదం నుంచి కాపాడే పదవిలో ఏకగ్రీవంగా నియమితుడయ్యాడు. ఆ సమయంలో అతను సభలో లేడు. దుకాణంలో ఉన్నాడు.

ఆన్సెల్ము తన బాధ్యతని తేలిగ్గా తీసుకోలేదు. మర్నాడే తల దువ్వుకుని వచ్చి, “అక్కా, నీకేం భయం లేదు, నేనున్నాను,” అని సంచీ అందుకుని వెళ్ళాడు. చీకటి పడ్డాక తిరిగొచ్చాడు. సీసా నిండుగానే ఉంది. ఇర్మా మూత తీసి వాసన చూసింది. టీ. అందులో సగమన్నా బ్రాందీ ఉంటుందేమోనని నాలిక్కి తగిలించుకుని చూసింది. అల్లం కూడా వేశారు.

ఆ టీ కాచింది ఆన్సెల్ము భార్య రోసలీన్. మర్నాడు పొద్దున్న కంచె దగ్గరకొచ్చి నిలబడింది. దవడ కమిలి ఉంది.

“అక్కా, నేను కాయనంటే ఊరుకోలేదు. నీ ముందు మొహం చెల్లట్లేదు.”

“దవడకేమైంది?”

“తలుపు తగిలింది.”

“మీ ఇంటి తలుపు ఆయన తాగొచ్చినప్పుడే తగుల్తుందేమే?”

రోసలీన్ కొంగుతో దవడ కప్పుకుంది. “స్టేషన్‌కి వెళ్ళాను ఒకసారి. సార్జెంటు గారు మంచిగానే మాట్లాడారు. ఇది నీ ఇంటి సంగతమ్మా, ఒక మనిషి ఇంట్లోకి ప్రభుత్వం తొంగిచూడటం తప్పు, ఎవరి స్వేచ్ఛ వాళ్ళది అన్నారు.”

వ్యక్తి స్వేచ్ఛ గురించి కడోల్వెలలో అధికారపూర్వకంగా ఎవరైనా మాట్లాడటం అదే మొదటిసారి. దురదృష్టవశాత్తూ దబరేరా ఆ మాట వినలేదు. వింటే సభ పెట్టేవాడు.

“నన్నడిగితే మగాళ్ళక్కూడా అమ్మకం ఆపెయ్యాలక్కా,” అంది రోసలీన్.

“ఆపితే మీ ఆయన పెరట్లో కాచుకుంటాడు. కళ్ళు పోయే సరుకు. కొట్టకూడదని చట్టంలో ఎప్పుడో రాసిపెట్టే ఉంది కదా, ముందు దాన్ని పని చెయ్యమను.” ఇర్మా కంచె గడియ తీసింది. “లోపలికి రా. పసుపు రాస్తాను.”

ఆ శనివారం సాయంత్రం ఇర్మా చర్చికి వెళ్ళే చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని మళ్ళీ దుకాణానికి వెళ్ళింది. బ్రాందీ అడిగింది. సుజిత్ లేదన్నాడు. “సరే,” అని కౌంటరు పక్కకి జరిగి నిలబడింది. వెళ్ళలేదు. గొడవ చెయ్యలేదు. ఉత్తినే నిలబడింది.

కొనుక్కోవడానికి వచ్చిన వాళ్ళందరూ ఆవిడకి తెలిసినవాళ్ళే.

“ఏం మార్సెలస్, బావున్నావా? నీ బొడ్డు మానడానికి నెల పట్టింది. తెగ ఏడ్చావు.”

“ఎవరూ, ఎడ్విన్ కొడుకువా? మీ అమ్మ ఎలా ఉంది? నువ్వు పుట్టిన రాత్రి మీ నాన్న ఇక్కడే ఉన్నాడు, పిలుచుకు రావడానికి మనిషిని పంపాను.”

ఇలా పలకరిస్తుంటే మద్యం కొనడం కష్టం. కొందరు అగ్గిపెట్టె అడిగి వెళ్ళిపోయారు. కొందరు వాకిట్లోనే ఆగి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనుదిరిగారు. మరుసటి శనివారం కూడా ఆవిడ వచ్చింది. ఆ తరవాతి వారం రోసలీన్ కూడా వచ్చి పక్కన నిలబడింది.

“నీకూ కావాలా?” అన్నాడు సుజిత్ బెంబేలుపడి.

“నాకొద్దు. ఆ వాసనంటేనే నాకు పడదు,” అంది రోసలీన్. “కాని వద్దనే మాట నేను అనాలి గదా. నువ్వంటావేంటి?”

సుజిత్ గుడ్డ అందుకున్నాడు. సీసాలు తుడుస్తూ కూర్చున్నాడు. వ్యాపారం పడిపోతోందని దుకాణం యజమాని పోలీసుల దగ్గరకి పరిగెత్తాడు. పోలీసులు పుస్తకాలన్నీ తిరగేశారు. స్త్రీకి మద్యం అమ్మడం నేరం, స్త్రీ కొనడం నేరం. స్త్రీ నిలబడటం నేరం అని ఎక్కడా లేదు. పూర్వపు శాసనకర్తలు ఇంత చిన్న విషయం ఎలా మర్చిపోయారో ఎవరికీ అర్థం కాలేదు. మాతృమూర్తుల గౌరవ పరిరక్షణ సంఘం అత్యవసరంగా కూడి, శనివారం సాయంత్రాలు పట్టణంలోని పురుషుల మనశ్శాంతికి భంగం కలుగుతున్నదని, వారిని రక్షించవలసిన బాధ్యత సమాజంపై ఉన్నదని తీర్మానించింది. ఈ తీర్మానాన్ని బలపరిచిన వాళ్ళలో ఇర్మా చేతుల మీదుగా పుట్టినవాళ్ళే ఎక్కువ.

డిసెంబరు నడుమ ఒక శనివారం జోరున వాన పడింది. రోసలీన్ రాలేదు. దుకాణంలో కొనేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇర్మా తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ నిలబడింది. సుజిత్ చాలాసేపు ఆవిడ వంక చూశాడు. చివరికి అరలోంచి బ్రాందీ సీసా తీసి కౌంటరు మీద పెట్టాడు.

“తీసుకెళ్ళండి మిస్సీ. మీరిలా నిలబడి ఉంటే నాకు అన్నం సయించట్లేదు. మా అమ్మ రోజూ తిడుతోంది. అయినా కేకుకేగా.”

ఇర్మా డబ్బులిచ్చి సీసా సంచీలో పెట్టుకుంది. కేకు మాటకి అవుననలేదు, కాదనలేదు. అప్పుడే తెర పక్కకి తొలగి లోపలి గదిలోంచి ఎక్సైజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వారానికొకసారి సరుకు నాణ్యత పరీక్షించడం ఆయన విధి. ఆ వారం పరీక్ష మూడో గ్లాసులో ఉంది. సుజిత్ ఆయన సంగతే మర్చిపోయాడు. ఆయన గోడకి ఆనుకుని, వీలైనంత నిటారుగా నిలబడి, స్త్రీకి మద్యం విక్రయించడం తన కళ్ళతో తాను చూశానని ప్రకటించాడు. సీసాని స్వాధీనం చేసుకున్నాడు.

కోర్టు రోజున ఊరు ఊరంతా అక్కడే ఉంది. కేకులు చెప్పుకున్న ఆడవాళ్ళు, దబరేరా, సంఘం సభ్యులు, రోసలీన్, చర్చి పాటల జట్టు. మేజిస్ట్రేటు నలభై దాటిన స్త్రీ. ఆవిడ ఒక సంతకం చేస్తే మగవాడు జైలుకి పోతాడు. ఇంకో సంతకం చేస్తే బయటికొస్తాడు. ఎన్ని సంతకాలు చేసినా ఆవిడకి ఒక బీరు సీసా రాదు. ఈ విషయం ఆ గదిలో ఎవరికీ వింతగా తోచలేదు.

మేజిస్ట్రేటుకి ఇర్మాని శిక్షించాలని లేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి మెత్తగా అడిగింది.

“మీ గురించి విన్నానమ్మా. చాలామందికి పురుళ్ళు పోశారట. ఈ సీసా కేకు కోసమేనని అందరూ అంటున్నారు. ఆ మాట మీరు ఒక్కసారి చెబితే, పెద్దవారు, తెలీక చేశారు, ఉద్దేశం మంచిది అని రాసుకుంటాను. ఇద్దర్నీ మందలించి పంపేస్తాను.”

గది అంతా ముందుకి వంగింది. దబరేరా కూడా తలూపాడు. కేకు అంటే చాలు. రెండక్షరాలు.

“కుర్రాడు కేకుకే అనుకుని ఇచ్చాడమ్మా,” అంది ఇర్మా. “వాడి తప్పేం లేదు. వాణ్ణి వదిలెయ్యండి. కాని నేను కొన్నది కేకుకి కాదు.”

“మరి?”

“తాగడానికి.”

చర్చి పాటల జట్టులో ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు.

“మా ఆయనా నేనూ పెళ్ళైన కొత్త నుంచీ శనివారం సాయంత్రం వరండాలో కూర్చుని చెరో చిన్న గ్లాసు తాగేవాళ్ళం. ఆయన ఆ వారం వేలంలో ఎవరు ఎలా మోసపోయారో చెప్పేవాడు, నేను ఎవరెవరికి కాన్పు కష్టమైందో చెప్పేదాన్ని. ఒకరినొకరం తిట్టుకున్నది లేదు, ఒక గ్లాసు దాటింది లేదు. మిగిలింది డిసెంబరులో కేకులో పోసేదాన్ని. ఏప్రిల్లో ఆయన పోయాడు. శనివారాలు మాత్రం వస్తూనే ఉన్నాయి.” ఇర్మా రెండు చేతులూ చాచి చూపించింది. “ఈ ఊళ్ళో ఎవరు పుట్టడానికైనా నా చేతులు పనికొచ్చాయి. నాకెంత కావాలో నేను పోసుకోవడానికి పనికి రావంటే నేనొప్పుకోలేనమ్మా. అంతే.”

ఈ సంగతి కథ మొదట్లోనే చెప్పి ఉండొచ్చు. చెబితే మీరు ఆవిడ పక్షాన ఇంతదాకా వచ్చేవారో కాదో అన్న సందేహంతో చెప్పలేదు.

మేజిస్ట్రేటు కలం కింద పెట్టింది. కిటికీలోంచి బయటికి చూసింది. ఆవిడ సాయంత్రాలు ఎలా గడుస్తాయో మనకి తెలియదు. తరవాత కళ్ళద్దాలు పెట్టుకుని, ఇర్మా వైపు చూడకుండా తీర్పు చదివింది. కేకు కోసమన్న నమ్మకంతో అమ్మినందున సుజిత్ నిర్దోషి. ఇర్మాకి జరిమానా. సాక్ష్యంగా దాఖలైన సీసాని అధికారుల సమక్షంలో ధ్వంసం చెయ్యాలి. చివరి ఆదేశం అమలు చెయ్యబోతే, అధికారులు అది ముందే, విడతలు విడతలుగా, తమ సమక్షంలోనే ధ్వంసం చేసి ఉన్నట్టు తేలింది.

ఇర్మా బయటికొచ్చేసరికి మెట్ల మీద ఎవరూ ఆగలేదు. అన్నాళ్ళూ ఆవిడ వెంట నిలిచిన ఆడవాళ్ళకి తాము మోసపోయామనిపించింది. పాపం కేకు కోసమనుకున్నామే, మిస్సీ ఇలాంటిదనుకోలేదే అని చెవులు కొరుక్కున్నారు. ఆదివారం ఫాదరీ గారు పేరెత్తకుండా ప్రసంగించారు. కేకులు చెప్పుకున్న ఇళ్ళన్నీ వద్దని కబురు పెట్టాయి. దబరేరా కుటుంబం కొలంబోలో పెద్ద హోటలు నుంచి తెప్పించుకుంది. అందులో బ్రాందీ ఇర్మా పోసేదానికన్నా రెట్టింపు ఉంటుంది.

రోసలీన్ మాత్రం ఒక బట్టలమూటతో వచ్చింది. “ముందు గదిలో పడుకోనా అక్కా?” అంది. ఇర్మా చాప తీసి పరిచింది. ఆన్సెల్ము ఆ రాత్రే వచ్చి తలుపు బాదాడు. “నా పెళ్ళాన్ని పంపించు,” అని అరిచాడు.

“నీ సంరక్షణ చాలు నాయనా, ఇంటికెళ్ళి పడుకో,” అంది ఇర్మా లోపల్నుంచి. అతను మెట్ల మీదే పడుకుని, తెల్లారాక వెళ్ళిపోయాడు. రోసలీన్ వెళ్ళలేదు.

ఆ తీర్పు కడోల్వెల చరిత్రలో కొత్త అధ్యాయం తెరిచింది. కేకు కోసమన్న నమ్మకంతో అమ్మితే నేరం కాదు అన్న మాట దుకాణం యజమాని చెవిన పడింది. వారం తిరక్కుండా గోడ మీద ఎర్ర రంగు మళ్ళీ తడిసింది: ‘స్త్రీలకు మద్యం విక్రయించబడదు. కేకు కోసమైతే తప్ప.’ దబరేరా సభ పెట్టి దీన్ని స్త్రీ స్వాతంత్ర్యంలో ఒక మైలురాయిగా వర్ణించాడు. అధ్యక్షుడి భార్యకి మొదటి సీసా బహూకరించారు.

అప్పటినుంచి ఆ పట్టణపు స్త్రీలు ఏడాది పొడుగునా కేకులు చేస్తున్నారు. జనవరిలో చేస్తున్నారు, ఎండాకాలంలో చేస్తున్నారు, ఈస్టర్ ముందరి ఉపవాసాల్లో కూడా మానలేదు. పంటి నొప్పికి కేకు, జలుబుకి కేకు, మొగుడు ఇటలీ నుంచి డబ్బు పంపిన రోజు పెద్ద కేకు. పాటల జట్టు అమ్మాయిలు అందరూ కలిసి ఒకటే కేకు చేస్తారు. ఊళ్ళో రవ్వ అమ్మకం పెరగలేదు. గుడ్ల ధర మారలేదు. ఏ ఇంటి కిటికీలోంచీ దాల్చినచెక్క వాసన రాదు. ఎక్సైజు ఇన్‌స్పెక్టరు దీని మీద విచారణ జరిపి, కేకులు లోపలే తినేస్తున్నారని నివేదించాడు. చట్టం చెక్కు చెదరలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు.

ఇర్మా ఇప్పటికీ శనివారం సాయంత్రం దుకాణానికి వెళ్తుంది. ఆవిణ్ణి చూడగానే సుజిత్ సీసా తీసి కాగితంలో చుట్టి సిద్ధంగా పెడతాడు.

“దేనికి మిస్సీ?” అంటాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, “మీరు అనక్కర్లేదు. ఊరికే తలూపండి, నేను అనుకుంటాను,” అంటాడు.

“తాగడానికి నాయనా,” అంటుంది ఇర్మా.

సుజిత్ సీసాని మళ్ళీ అరలో పెట్టేస్తాడు. ఆవిడ వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు విసుక్కుంటారు. కాస్త జరగండి మిస్సీ, మాకు కేకు ఆలస్యమవుతోంది అంటారు. ఆ ఒక్క మాట అనేస్తే ఏం పోయింది, ముసలమ్మకి ఇంత మొండితనం దేనికి అని ఊరంతా అనుకుంటుంది.

చదువుతున్న మీలో కూడా కొందరికి అలాగే అనిపించి ఉంటుంది. మీరేమీ దిగులుపడకండి. కడోల్వెల వస్తే మీకు సీసా ఇస్తారు.